సూదికి కట్టిన పోగు

అస్సాం కొండల నుంచి,
కార్తీకమాసం, ఆదివారం పొద్దున.

నాయిన తర్వాత నాయినంతటివాడివైన అన్న నర్సింహకు, తమ్ముడు యాదగిరి కాళ్ళకు మొక్కి రాసుకునేది.

నేను ఇక్కడ బాగున్నాను. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను, జ్వరం గిరం ఏమీ లేదు. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదిన, పిల్లలు బాగున్నారా? చెల్లె లక్ష్మి, సత్తయ్య బావ కులాసాయేనా? ఈసారి పోచంపల్లిలో వానలు బాగా పడ్డాయని చదివి మనసు నిండింది.

నీ కార్డు నెల కిందటే అందింది. జవాబు రాయలేదని కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా. నువ్వు అడిగింది ఒక్కటే మాట. "తమ్మీ, నీ మగ్గం ఇంకెన్నొద్దులు ఖాళీగ ఉంచాలె? సత్తయ్య బావ పరాయింట్ల కిరాయి మగ్గం మీద నేస్తున్నడు. నువ్వు వాపసొస్తవా, ఆడ్నే ఉంటవా? ఖుల్లగ రాయి" అన్నావు. ఆ ఒక్క మాటకు జవాబు రాయడానికి నాకు నెల పట్టింది. ఎందుకంటే మధ్యలో నా కొలువు పోయేదాకా వచ్చింది. భయపడకు, పోలేదు. ఎలా పోబోయిందో అంతా రాస్తాను. అమ్మకు చదివి వినిపించేటప్పుడు మాత్రం భయపెట్టే చోట్లు దాటేసి చదువు.

ముందు తిండి సంగతి చెప్పకపోతే అమ్మ ఊరుకోదు. "గదంత సరే, పిలగాడు తిన్నడా లేదా?" అంటుంది. తింటున్నాను. జొన్నరొట్టె మాత్రం దొరకదు. రెండు పూటలా అన్నమే, అదీ ముద్ద ముద్దగా ఉంటుంది. కూర ఏదైనా ఆవనూనెతోనే. మొదటి వారం ముక్కు మూసుకుని మింగాను. ఇప్పుడు ఆ వాసన లేకపోతే ఆకలి కావడం లేదు, చూడు ఎంత మారిపోయానో! వదిన కట్టిచ్చిన కారప్పొడిని వేలితో అద్దుకుని తింటూ రెండు నెలలు నెట్టుకొచ్చాను. డబ్బా అడుగు కూడా తుడిచి తిన్నాను. ఇక్కడ చింతపండు లేదు. ఎవరైనా ఇటువైపు వచ్చేవాళ్ళుంటే ఓ శేరు పంపించు.

నేను వచ్చినప్పుడు ఆషాఢం. మన దగ్గర వాన వచ్చిపోయే చుట్టం. ఇక్కడ అది ఇల్లరికం వచ్చిన అల్లుడు, కదలమన్నా కదలదు. బట్టలు ఆరక, తడి చొక్కాలతోనే తిరిగాను. ఇప్పుడు వాన పోయి చలి వచ్చింది. నువ్విచ్చిన గొంగడి ఉంది కాబట్టి బతికిపోయాను. ఇళ్ళ గోడలు రెల్లుతో అల్లి, పైన మట్టి, సున్నం పూసినవి. కప్పు రేకులది. భువనగిరి గుట్ట కింద రాతి గోడల మధ్య చదువుకున్నవాణ్ణి కదా, మొదట నాకు నవ్వొచ్చింది. ఇవేం ఇళ్ళు, పిచ్చుక గూళ్ళలాగ అన్నాను. మా ఇంటి ముసలమ్మ, గది కిరాయికిచ్చినామె, నవ్వి వచ్చీరాని హిందీలో చెప్పింది: "రాయి మీద పడితే లేవరు నాయనా. రెల్లు పడితే దులుపుకుని లేస్తారు." ఇక్కడ భూమి కదులుతుంది అన్నా. మన దగ్గర కదలనిదాన్ని పట్టుకుని భూమి అంటాం. వీళ్ళు ఎద్దును చూసుకున్నట్టు దాన్ని ఓ కంట కనిపెట్టుకుని ఉంటారు.

ఊళ్ళో ఎవరడిగినా నేను "భూకంపాల ఆఫీసుల నౌకరి" చేస్తున్నానని చెప్తున్నావట. వాళ్ళు నేనే భూకంపాలు తెప్పిస్తున్నాననుకుంటారు, జర సముదాయించి చెప్పు. నా పని ఇది. కొండ కొమ్మున చిన్న ఇల్లు ఉంది. లోపల నేలలో గుంట, మన గుంటమగ్గానికి తవ్వినట్టే, కాకపోతే బాగా లోతు. ఆ గుంటలో రాయి తగిలేదాకా తవ్వి దిమ్మె కట్టి, దాని మీద యంత్రం నిలిపారు. అందులో బరువైన ఇనుప గుండు వేలాడుతుంటుంది. భూమి కదిలితే అన్నీ కదులుతాయి గానీ, ఆ బరువుకు గుండు వెంటనే కదలదు. ఆ తేడాను సన్నని కడ్డీలు పెద్దది చేసి చివరనున్న సూదికి అందిస్తాయి. సూది కింద డోలులాంటిది తిరుగుతుంటుంది. దాని చుట్టూ కాగితం. ఆ కాగితానికి రోజూ కిరోసిన్ దీపం పొగ పట్టించి నల్లగా చేసేది నేనే. సూది ఆ మసిని గీరుతూ పోతే తెల్లటి గీత పడుతుంది. రోజంతా గీత పక్కన గీత. మర్నాడు తొమ్మిదింటికి ఆ కాగితం విప్పి, మసి రాలకుండా లక్క కలిపిన స్పిరిట్‌లో ముంచి, ఆరేసి, కొత్తది చుట్టాలి. ముక్కు చీదితే మసే వస్తుంది. కానీ పొగ పట్టించడంలో నా అంత నున్నగా ఇక్కడ ఎవరికీ రాలేదని మా ఆఫీసరు చక్రవర్తి గారే అన్నారు. రంగులద్దిన చేతులు కదా.

పని నేర్పిన ముసలాయన రెండు వారాలు చూపించి, సెలవు మీద ఊరికి పోయాడు. పోతూ పోతూ ఒకటే చెప్పాడు, సూది జోలికి పోవద్దని. నేను తలూపాను.

భాద్రపదంలో ఒక పొద్దున, కాగితం మార్చడానికి ఇంకా గంటన్నర ఉందనగా, గది ఊడ్వడానికి లోపలికి పోయాను. గీత సన్నగా వణుకుతోంది. నేను పట్టించిన పొగలో గరుకు ఉందేమో అనుకున్నాను. అంతలోనే సూది ఒక్కసారిగా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఊగి ఊగి, పక్క గీతల మీదికి ఎక్కుతోంది. అన్నా, నీకు చెప్పనవసరం లేదు. పోగు పోగు మీదికెక్కితే మన కళ్ళకు ఎలా ఉంటుందో నీకు తెలుసు. చిటికి చీరలో పేక నువ్వుగింజంత జరిగినా పువ్వు చెదిరిపోతుందని, వేలితో సర్దందే నాయిన తర్వాతి పోగు వేయనిచ్చేవాడు కాదు. "చేతులున్నది దేనికిరా, చూస్తందుకా?" అని నెత్తిన మొట్టేవాడు. కాగితం మొత్తం పాడైపోతోందని నా చేయి ఆగలేదు. జేబులో నూలు పోగులుంటాయి కదా నాకు, అలవాటు. ఒక పోగు తీసి, సూది కడ్డీకి చుట్టి, పక్కనున్న మేకుకు, రంగులద్దేటప్పుడు పోగులకు వేసే చిటికి కట్టు, లాగితే ఊడేలా కట్టాను. మసికి వేలు తగలనివ్వలేదు. గీత బారుగా, సాఫుగా వచ్చింది. తొమ్మిదింటికి కట్టు విప్పి, కాగితం మార్చి, బయటికొచ్చి చాయ్ తాగాను. ముట్టుకోవద్దన్నాడు గానీ కట్టొద్దనలేదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. గాడిదను.

మధ్యాహ్నం చక్రవర్తి గారు ఆ కాగితం చూసి కుర్చీలోంచి లేచారు. ఆయన మెత్తటి మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు. ఆ రోజు నన్ను కేకేసి పిలిచారు. నా హైదరాబాదు ఉర్దూకు నవ్వుకుంటూనే ఆయన నాకు హిందీలో అన్నీ విప్పి చెప్తుంటారు. "చూడు యాదగిరీ, మొదటి అల వచ్చింది. రెండోది రాలేదు!" అన్నారు. ఎంత సంబరమో ఆ మొహంలో.

అప్పుడు చెప్పారు. ఎక్కడో భూమి లోపల రాయి పగిలితే రెండు రకాల అలలు బయల్దేరతాయట. నీకు మన పనిలోనే చెప్తాను. గల్లీలో పడుగు పొడుగునా చాపి గంజి పెట్టేటప్పుడు, నువ్వు ఆ కొసన పట్టి లాగితే ఈ కొసన నా చేతికి వెంటనే తెలుస్తుంది. అదే నువ్వు పక్కకు ఊపితే, ఆ ఊపు పాములా పాకి కాస్త ఆలస్యంగా వస్తుంది. మొదటి అల ముందుకూ వెనక్కూ నెట్టుకుంటూ వస్తుంది, త్వరగా వస్తుంది. రెండోది పక్కకు ఊపుకుంటూ నిదానంగా వస్తుంది. రెంటికీ మధ్య ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి కంపం ఎంత దూరాన పుట్టిందో లెక్కకడతారు. నెట్టుడు నీళ్ళలో కూడా పోతుంది. ఊపు మాత్రం పోదు, నీళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండవు కదా. భూమి మన తాటిముంజలాంటిదట. పైన పలచటి తోలు, దాని కింద మందపాటి కండ, నడుమ నీరు. నీరంటే నీరు కాదు, కరిగిన ఇనుము. ఆ నడుమ మళ్ళీ గట్టి గింజ ఒకటి ఉందంటారు. లోపలికి పోయి ఎవరూ చూడలేదు. ఈ గీతలు చూసే తెలుసుకున్నారు. రెండో అల ఏ వైపు రాకుండా పోయిందో, ఆ దారిలో కరిగినదేదో అడ్డం ఉన్నట్టు.

"ఈ కంపం దగ్గరిదని వేరే చోటి నుంచి టెలిగ్రాం వచ్చింది. దగ్గరిదైతే రెండో అల రావాలి. మన దగ్గరికే రాలేదంటే, ఈ కొండల అడుగున మనకు తెలియని కరిగిన చోటు ఉన్నట్టే కదా! పైకి రాస్తాను" అన్నారు ఆయన. కాగితాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

ఈ కొండల అడుగున కరిగిన చోటేమీ లేదు. నేను కట్టిన నూలు పోగు ఉంది.

చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. ఆరు నెలలు నా పని చూసి, ఆ తర్వాతే కొలువు ఖాయం చేస్తారు. మధ్యలో ఏ తప్పు దొరికినా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. నేను బయల్దేరిన రోజు బస్సు దగ్గర నువ్వన్న మాట చెవిలో మోగుతూనే ఉంది: "ఆర్నెల్లు గూడ నిలువవు నువ్వు, సూస్తుండు." ఆ మాట నిజం కావడం కంటే భూమి అడుగున అబద్ధం ఉండటమే నయం అనుకున్నాను. చక్రవర్తి గారు రోజూ రాత్రికి రాత్రి నాలుగు పేజీలు రాసుకొచ్చి, పొద్దున టైపు కొట్టిస్తుంటే నేను తల వంచుకుని కాగితానికి పొగ పట్టించేవాణ్ణి.

శనివారం సంతకు పోయాను. గంపల మధ్యన మన మాట వినబడింది! ఎన్నాళ్ళకో! పాలమూరు జిల్లా, మక్తల్ దిక్కు కూలోళ్ళు. ఇక్కడ కొండ తొలిచి రోడ్డు వేస్తున్నారట. అందులో ఎల్లమ్మ అని ఒకామె, అమ్మ కంటే పదేళ్ళు చిన్నదేమో, రోడ్డు పక్క రాతి గోడలు కట్టే ముఠాలో పెద్దదిక్కు. నన్ను చూడగానే, "ఏ ఊరు కొడుకా నీది? గింత దూరం ఒక్కనివే వచ్చినవా? తిన్నవా?" అని చేయి పట్టుకుంది. వాళ్ళ గుడిసెల దగ్గరికి తీసుకుపోయి రాగిసంకటి పెట్టింది. తింటుంటే ఏడుపొచ్చింది, అన్నా. దాచుకోలేదు. తిండి కోసమని ఆమె అనుకుంది. కాదని మొత్తం చెప్పేశాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నువ్వు కట్టిన కట్టు ఆ సారుకు ఎర్కనా?" అంది.

"ఎర్క లేదు."

"మరి ఆయన ఆ మాట నమ్మి పెద్దోళ్ళకు రాస్తడు. ఆళ్ళు నమ్మి ఇంకెవలకో రాస్తరు. ఏ గుట్ట గట్టిది, ఏది గుల్లది, రోడ్డు యాడికెళ్ళి ఏయాలె, గవన్ని గా కాయితాలు సూసే గదా మాకు జెప్తరు?" అంది. "సూడు బిడ్డా. నేను కట్టిన గోడ వంకరబోతే, మేస్త్రి సూడకముందే నేనే కూలగొడ్త. ఒక్క రోజు కూలి పోతది, పోనీ. ఎందుకంటవా? ఆ గోడ కిందనే మా పోరగాండ్లు పండుకుంటరు" అంది. తర్వాత నా చేతిలో ఇంకో ముద్ద పెట్టి, "తిను, తిని పోయి చెప్పు" అంది. అంతే. తినకుండా పొమ్మనలేదు, చెప్పకుండా ఉండమనలేదు.

సోమవారం పొద్దున్నే పోయి చక్రవర్తి గారి ముందు నిలబడ్డాను. జేబులోంచి పోగు తీసి బల్ల మీద పెట్టి, కట్టు ఎలా కట్టానో ఆయన పెన్నుకు కట్టి చూపించాను. ఆయన ఆ కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి పోయారు. "ఎంత బారుగా ఉందో చూడు," అన్నారు చివరికి. "గాలి వీచి చెట్లు ఊగినా, ఎక్కడో సముద్రం ఒడ్డును కొట్టినా ఈ సూది కాస్తంత వణుకుతూనే ఉంటుంది. భూమి ఏ నిమిషమూ ఊరికే ఉండదు. ఇంత బారు గీత ఉండదని నాకు తెలుసు. తెలిసీ చూడలేదు. చూడాలనుకోలేదు." రాసిన పేజీలన్నీ నిలువుగా చింపేశారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం పిలిచి మెల్లగా అన్నారు: "ఆ గంటన్నర యంత్రం మొరాయించిందని రాస్తే సరిపోతుంది. నీ పేరు రాస్తే నిన్ను తీసేయొచ్చు. తీసేస్తే ఊళ్ళో ఏదైనా పని ఉందా నీకు?"

"ఉంది సార్, మగ్గం ఉంది. మా అన్న ఖాళీగా ఉంచాడు. యంత్రం ఏ తప్పూ చేయలేదు, నా పేరే రాయండి" అన్నాను.

ఆయన రాశారు. నేను కింద తెలుగులో సంతకం చేశాను.

పై నుంచి జవాబు వచ్చేదాకా ఇరవై రోజులు అన్నం సహించలేదు. నీ కార్డు వచ్చింది ఆ రోజుల్లోనే. తీసేయలేదు. కాకపోతే ఇన్ని నెలలు చేసింది లెక్కలోకి రాదు. ఆరు నెలల పరీక్ష మళ్ళీ మొదటి నుంచి. అది గట్టెక్కేదాకా సెలవు లేదు. ఉగాదికి వస్తానని అమ్మకు మాటిచ్చాను. రాలేను. ఇది నువ్వే చెప్పాలి. ఏడిస్తే ఏడవనీ, నేను ఏ దొంగతనమూ చేసి ఆగిపోలేదని మాత్రం చెప్పు.

ఇంకో సంగతి. పోయిన మంగళవారం పట్టపగలు, నేను గదిలో ఉండగానే రేకుల కప్పు గలగలమంది. కాళ్ళ కింద నుంచి ఎవరో పొడిచినట్టయింది. బయట అందరూ "బయటికి రా! బయటికి రా!" అని అరుస్తున్నారు. పొయ్యేవాణ్ణే. కానీ సూది అప్పుడే వణకడం మొదలుపెట్టింది, రెండోది వస్తుందని నాకు తెలుసు. దీపం ఆర్పేసి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. వచ్చింది. గది మొత్తం పక్కకు ఊగింది. సూది ఊగి ఊగి నాలుగు గీతల మీదికి ఎక్కి, కాగితాన్ని చిందరవందర చేసింది. నా వేళ్ళు ఎంత గుంజాయో నీకు చెప్పలేను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు, ఏమీ చేయకుండా నిలబడటం. ఇవన్నీ అమ్మకు చదవకు.

తగ్గాక చక్రవర్తి గారు లోపలికొచ్చి ముందు నన్ను చూశారు, తర్వాత కాగితాన్ని. దాన్ని ముంచి ఆరేశాక బల్ల మీద పరిచి, "రెండో అల ఎక్కడ మొదలైంది?" అని నన్నడిగారు. అంత గజిబిజిలో పోగు ఎక్కడ తప్పిందో పట్టడం మనకు కొత్తా? చూపించాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, నేను చెప్పిన నిమిషమే, నేను చెప్పిన సెకనే పుస్తకంలో రాశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎల్లమ్మ మనిషిని పంపి నన్ను కనుక్కుంది. తన గోడ "జర్రంత గూడ జరగలే" అని నాకు చెప్పమందట, పొగరు చూడు!

నేను ఆరోగ్యంగా ఉన్నాను, ఫికరు పడవద్దని మళ్ళీ మళ్ళీ రాస్తున్నాను. నాయినమ్మ సమాధి దగ్గర నా పేరున ఓ దీపం పెట్టు. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పెద్దలందరికీ పేరుపేరునా నా దండాలు. అమ్మ కాళ్ళకు నా బదులు నువ్వు మొక్కు, ఆమె దీవెన నాకు ఇంత దూరమూ వస్తుంది.

ఇక నీ మాటకు జవాబు. ఆ రోజు నేను నిజం చెప్పానని చక్రవర్తి గారు నన్ను ధైర్యవంతుడంటున్నారు. కానీ అన్నా, ఆ ధైర్యం నాది కాదు. నువ్వు ఖాళీగా ఉంచిన మగ్గానిది. పోతే పోనీ, కూర్చోవడానికి చోటుంది అనుకునే నోరు విప్పాను. అది నాకు తెలుసు. అప్పటి నుంచి సిగ్గుగా ఉంది. అందుకే ఖుల్లాగా రాస్తున్నాను: మగ్గం సత్తయ్య బావకు ఇచ్చెయ్. రేపే కూర్చోబెట్టు. నాకోసం ఏమీ ఉంచకు. ఇంకోసారి తప్పు చేస్తే, వెనక్కి పోవడానికి చోటు లేనివాడిగానే పోయి చెప్తాను.

నీ తమ్ముడు,
యాదగిరి